వెనక వచ్చేవాడు

"వదినా, మనం ఆగితే ఆయనా ఆగాడు."

ఆడపడుచు మాటకు వదిన గిరుక్కున వెనక్కి తిరిగింది.

కొండ మలుపులో ఒక ముసలాయన రాతి మీద కాలు పెట్టి బూటు తాడు కట్టుకుంటున్నాడు. మాసిన కోటు, చేతికర్ర, మెడలో ఈల.

"పొద్దుట్నుంచి ఆ తాడు ఎన్నిసార్లు కడతాడు?" అంది వదిన.

వదిన రైళ్ళలో టికెట్లు తనిఖీ చేస్తుంది. పెట్టెలో అడుగు పెడుతూనే టికెట్ లేనివాడెవడో పట్టేస్తుంది. చూపు తప్పించేవాళ్ళు, ఉత్తపుణ్యానికి బూటు తాళ్ళు కట్టుకునేవాళ్ళు ఆమె లెక్కలో దొంగలే.

"మా అన్నయ్యని కూడా ఇలాగే చూస్తావు నువ్వు."

"చూడబట్టే మీ అన్నయ్య బుద్ధిగా ఉన్నాడు. నడు!"

కొండల మీదుగా రోజుల తరబడి సాగే దారి అది. పగలంతా నడవాలి, చీకటి పడేలోగా బసకు చేరాలి. ఆడపడుచు కాలికి బొబ్బలెక్కడంతో, కలిసి బయల్దేరిన మిగతావాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరే మిగిలారు, వెనక ఆయన.

వదిన కేకేసింది. "పెద్దాయనా! మీరు ముందు వెళ్ళండి!"

"పర్వాలేదమ్మా, మీరు నడవండి. నాకు తొందర లేదు."

"విన్నావా? తొందర లేదట. చీకటి పడాలని చూస్తున్నాడు."

"పాపం, మోకాళ్ళ నొప్పులేమో వదినా."

"మనం గబగబా నడిస్తే ఆయనా గబగబా నడిచాడే! అప్పుడేమయ్యాయి ఆ నొప్పులు?"

ఆడపడుచు కుంటుకుంటూ ముందుకు నడిచింది.

మధ్యాహ్నం దాటాక పొగమంచు దిగింది. మనిషి సరిగా కనబడటం లేదు. ఈల మాత్రం వినిపించింది, సన్నగా, రెండుసార్లు.

"తనవాళ్ళకి సైగ చేస్తున్నాడు," వదిన గొంతు తగ్గించింది. అరిచినా పలికే దిక్కు లేదక్కడ.

దారి రెండుగా చీలిన చోట ఆమెకు ఉపాయం తట్టింది.

పసుపు బాణం గుర్తున్న దారి పైకి పోతోంది. రెండోది లోయలోకి జారుతోంది. రావద్దన్నట్టు దానికి అడ్డంగా ఒక దుంగ కట్టి ఉంది. వదిన తన ఎర్ర స్కార్ఫ్ తీసి, దుంగ దాటి, నాలుగడుగులు దిగి పొదకు తగిలించి వచ్చింది.

"కొత్తది కదా వదినా!"

"పోతే పోనీ. పీడ వదులుతుంది."

ఇద్దరూ బండ చాటున నక్కారు.

ముసలాయన వచ్చాడు. ఎర్ర గుడ్డ చూసి నిలువునా ఆగిపోయాడు. ఈల గట్టిగా ఊదాడు.

"అమ్మా! ఎక్కడున్నారమ్మా?"

"పిలుస్తున్నాడు వదినా..."

"పిలవడా మరి? పలికామంటే దొరికిపోతాం."

ఆయన దుంగ దాటాడు. ఆ వయసులో పడుతూ లేస్తూ లోయలోకి దిగిపోయాడు.

"చూశావా ఆ ఆత్రం! నా కళ్ళు ఎప్పుడైనా తప్పాయా?"

చీకటి పడుతుండగా బస చేరారు. పొయ్యి పక్కన తడి మేజోళ్ళు ఆరుతున్నాయి. గుమ్మం దగ్గర బూట్లు వరసగా ఉన్నాయి. బస నడిపే ఆవిడ వీళ్ళకు టీ ఇచ్చి, తలుపు తెరిచే ఉంచింది.

"వేసేయండమ్మా, చలి. మేమే ఆఖరు," అంది వదిన. "మా వెనక ఒక దొంగ పడ్డాడు లెండి. స్కార్ఫ్ ఎరవేసి లోయలోకి పంపేశాం."

ఆవిడ ముఖం పాలిపోయింది.

"మెడలో ఈల ఉందా?"

"ఉంది."

"తాళ్ళు తీసుకోండి! టార్చిలైట్లు తీసుకోండి!" ఆవిడ లోపలికి అరిచింది. "పెద్దాయన లోయలోకి దిగాడు!"

మగవాళ్ళు లేచి పరుగెత్తారు.

దూరంగా ఈల ఒకసారి మోగింది. అందరూ చెవులు రిక్కించారు. రెండోసారి మోగలేదు.

వదిన టీ పక్కన పెట్టేసి లేచింది. "ఎవరండీ ఆయన?"

ఆవిడ లాంతరు అందుకుని గడప దాటుతూ అంది.

"ఆయన కూతురు ఒకసారి ఈ దారిలో అందరికంటే వెనకబడి, తోడెవరూ లేక ఆ లోయలోకే దిగి, మళ్ళీ పైకి రాలేదమ్మా. అప్పట్నుంచి ఆయన ఇంకెవర్నీ ఆఖర్న నడవనివ్వలేదు."