జవాబు వచ్చేదాకా

“సాయిలన్నా, జరుగు! కొమ్మ పడ్తది!”

కానుగ చెట్టు మీద నుంచి అరిచి, నర్సింగ్ ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే పట్టుకున్నాడు. కాసేపు ఆగి అప్పుడు కొట్టాడు.

అశోక్ నగర్‌లోని తన ఇంటి బాల్కనీలోంచి చూస్తున్న నళిని విసుక్కుంది. “ప్రతి కొమ్మకు గిట్లనే ఆగుతున్నవ్. ఒక్కడివే వచ్చినవ్ గదా, కింద ఎవరున్నరని పిలుస్తున్నవ్?”

“ఎవ్వరు లేరమ్మా.”

“మరి?”

“ఇది జోడీల చేసే పని. పైనున్నోడు పిలవాలె. కిందున్నోడు ‘జరిగిన, కొట్టు’ అనాలె. గప్పుడే కొట్టాలె.” నర్సింగ్ కిందికి చూశాడు. “నారాయణగూడల ఒక రోజు నా జోడీ సాయిలన్నను పిలిచిన. జవాబు కోసం ఆగలే. కొమ్మ ఆయన మీదనే పడ్డది. పానం పోయింది. అప్పటిసంది నాతోని ఎవ్వరు జోడీ వస్తలేరు.”

నళిని బాల్కనీలోంచి లోపలికి వెళ్లింది.

అతను పక్క కొమ్మ మీదికి జరిగి గొడ్డలి ఎత్తాడు. “సాయిలన్నా, జరుగు!”

ఈలోగా ఆమె మెట్లు దిగి వచ్చింది. చెట్టుకు దూరంగా, గేటు దగ్గర నిలబడి తల పైకెత్తింది.

“జరిగిన. కొట్టు.”

జవాబు వచ్చింది. గొడ్డలి మాత్రం చాలాసేపటిదాకా కిందికి దిగలేదు.