మేడ మీది కెమెరా

ఆ ఉదయం ప్రార్థన ముగించి మేడెక్కేసరికి, తమ్ముడు స్టాండు మీది కెమెరాకు పొడుగాటి లెన్సు బిగించి, తోట చివరి చెట్టుమీది పిట్టగూటికి గురిపెడుతున్నాడు.

"ఆ కొమ్మొకటి అడ్డమొచ్చి చస్తోందక్కా. దగ్గరికెళ్తే తల్లి బెదిరిపోతుంది," అని గొణిగి, నిమిషానికో ఫోటో దానంతటదే తీసేలా పెట్టి స్నానానికి వెళ్లాడు.

మధ్యాహ్నానికి గూడు ఖాళీ. చాటుగా ఉన్న కొమ్మ పోవడంతో పిల్లల్ని గద్ద తన్నుకుపోయింది.

తమ్ముడు ఫోటోలు తిప్పాడు. ఒకదాన్నిండా గూడు, పక్కన కత్తి పట్టిన చెయ్యి. తోటమాలి ఖాకీ చొక్కా చెయ్యి.

"ఇరవై రోజులు కాపు కాశానక్కా. వాడికేం పోయేకాలం? ఇంక గేటు దాటి రానివ్వను."

"కాస్త శాంతించరా."

"నీకసలు కోపమే రాదా? రాయివా?"

ఆ లెన్సు దూరాన్ని దగ్గర చేస్తుంది కానీ, జానెడు మేరే చూపిస్తుంది. చెట్టు కింద నిలబడి, "ఆ కొమ్మ కొట్టెయ్యి, తమ్ముడికి అడ్డంగా ఉందట," అని పురమాయించిన నేను అందులో పడలేదు.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని, తోటమాలిని పనిలోంచి తీసెయ్యాలని నిర్ణయించాం. ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడతానని, ఆ కబురు చెప్పే పని నాకే అప్పగించారు.