తొమ్మిది గళ్ల పెట్టె

గొడుగు తలుపు పక్కన ఆనించి, రిజిస్టరులో సంతకం పెట్టి, తడిసిన కుచ్చిళ్లు విదిలించుకుంటూ లోపలికొచ్చిందామె.

"మూడింటికి రమ్మన్నారు," అంది.

శర్వరి ఊపిరి పీల్చుకుంది. ఉల్లి ధరలు ఎక్కించడానికి ఏజెన్సీ పంపుతానన్న టైపిస్టు!

"హమ్మయ్య, వచ్చారా తాయీ! అదిగో కంప్యూటర్, కూర్చోండి," అంది, మరాఠీలో అక్కని పిలిచినట్టు.

"ఇక్కడేనా? ఇప్పుడేనా?"

"ఇప్పుడే! తెర మీద పెట్టెకో ఊరు. ముప్ఫై ఊళ్ల ధరలు."

పేరడిగే తీరిక కూడా లేదు. నాసిక్ వైపు రైతు సంఘం కార్యదర్శి బోరస్తే కాకా నాలుగింటికి పుణె వస్తున్నాడు. పల్లెల్లో ఫోన్ లైన్ మీద ధరల వెబ్ పేజీ ఇరవై సెకన్లలో తెరుచుకోవాలని ఆయన పట్టు. లేకపోతే పని ముంబై వాళ్లకి వెళ్లిపోతుంది.

శర్వరికి తన పేరు మీద దక్కిన మొదటి పని అది.

"నలభై ఏడు సెకన్లు," అన్నాడు పక్క సీటు నిషాద్.

"ఇంకేమైనా తీసెయ్."

"మిగిలినవి నీ గుండ్రటి మూలలే. చదరంగా మార్చేద్దామా?"

"కాకాకి నచ్చినవే ఆ మూలలు!"

"అయితే ఆయన్నే ఫోన్ లైన్లో దూరి పేజీని తొయ్యమను."

టైపు చేస్తున్న ఆమె ఆగింది.

"ఒక్క పెట్టెకి ఇంత కోడ్ రాశారేంటమ్మా?"

"అది మీకు అర్థం కాదు తాయీ."

"తొమ్మిది గళ్ల పట్టిక. మూలలకి నాలుగు బొమ్మలు, అంచులకి నాలుగు. ధర నడిమి గడిలో ఒక్కటే. మిగతా ఎనిమిది గళ్లూ ఆ బొమ్మల కోసమే కదా?"

నిషాద్ కుర్చీ తిప్పాడు.

"ఊరి పేరు ఎలాగూ పైనే ఉంటుంది," అందామె. "పై మూలలు రెండూ ఒకే బొమ్మగా దాని వెనక పెడితే అదే మోస్తుంది. కింది రెండూ పెట్టె మోస్తుంది. వెడల్పు అన్నిటికీ ఒకటేగా? పేజీ రూపం రాసే సీఎస్ఎస్‌లో ఆ మాట ఒక్కసారి రాస్తే ముప్ఫై పెట్టెలూ వింటాయి. పట్టికే అక్కర్లేదు."

"ఇవన్నీ మీకెలా..."

"మా ఇంట్లోనూ ఫోన్ లైనే. బరువు పేజీ తెరిచి కూర్చుంటే కుక్కర్ మూడు విజిల్సేస్తుంది."

శర్వరి గడియారం వంక చూసింది. మూడూ పది.

"చెయ్యండి," అంది.

ఆమె పట్టికలన్నీ కొట్టేసింది. ఒక్కో పెట్టెకి ముప్ఫై వరసల కోడ్ ఉన్న చోట నాలుగు మిగిలాయి. ధరలు కూడా తనే ఎక్కించింది. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా లేచింది.

"నేను వెళ్లొచ్చా? కబురు చేస్తారా?"

"అవసరమైతే ఏజెన్సీకి చెప్తాంలే తాయీ," అంది శర్వరి, కళ్లు తెర మీదే ఉంచి.

ఆమె ఏదో అడగబోయి, మానేసి, గొడుగు తీసుకుంది.

బోరస్తే కాకా తన ఆఫీసు పాత కంప్యూటర్నే జీపులో వేసుకొచ్చాడు.

"కాకా, పెళ్లికూతుర్ని దింపినట్టు దింపుతున్నారే!" అన్నాడు నిషాద్.

"మీ మిషన్ల మీద అన్నీ పరిగెడతాయిరా. ఈ ముసల్ది నడిస్తే అప్పుడు చెప్పు."

మోడెమ్ కీచుమంది. నిషాద్ గడియారం చూస్తూ లెక్క మొదలెట్టాడు.

గుండ్రటి మూలలతో, ముప్ఫై ఊళ్లూ తెర మీద పరుచుకున్నాయి.

"పదకొండు!" అరిచాడు నిషాద్.

కాకా మళ్లీ తెరిపించాడు. మళ్లీ పదకొండే.

"ముంబై వాళ్లు ముంబైలోనే ఉంటార్లే," అన్నాడు కాకా, టోపీ సర్దుకుంటూ. "పని నీదే పోరీ!"

ఆఫీసంతా ఈలలు. శర్వరి బల్ల మీద చరిచి, అందరికీ వడాపావ్ తెమ్మని కేకేసింది.

అప్పుడొచ్చాడు తలుపు దగ్గరికి, నిలువునా తడిసిన ఒక నడివయసు మనిషి.

"క్షమించండి మేడమ్, వానకి బస్సు ఆగిపోయింది. ఏజెన్సీ పంపింది. ఉల్లి ధరలు ఎక్కించాలట?"

శర్వరి నవ్వు సగంలో ఆగింది.

పరుగున వెళ్లి రిజిస్టరు తిరగేసింది. మూడు గంటలు. 'వచ్చిన పని' అన్నచోట, ముత్యాల్లాంటి అక్షరాలు: ఇంటర్వ్యూ.

పేరు సుమేధా పటంకర్ — తొమ్మిదేళ్లు వంటింట్లో ఉన్న మనిషికి ఈ పనేం తెలుస్తుందని, పిలిచిన ఇంటర్వ్యూకే ఇక రావద్దంటూ మొన్న శర్వరే స్వయంగా ఉత్తరం రాసి పోస్టు చేసిన పేరు.