మొగం ఆనేంత దూరం

"సైన్సు సారువు గదా, దీన్ని రొంత సరిజెయ్యప్పా," అంటూ రెడ్డిగారి మిద్దె మీద ఆయన మనిషి ఓబులయ్య నాకు తుపాకి ఇచ్చాడు.

దానిపైనున్న దుర్భిణిని కంటికి తగినంత ముందుకు జరిపి బిగించాను. మామూలుగా చూస్తే బస్టాపులో ఎవరో ఆడమనిషి. దూరాన్ని దగ్గర చేసే మీట తిప్పితే మా వీధి సంజీవమ్మ, ముక్కుపుడకతో సహా.

"ఈ దుర్భిణి కొత్తదా?"

"యాడ కొత్త సారూ! దగ్గిరికీ దూరానికీ పనికొచ్చేదే కావాలని రెడ్డి ఏరి తెప్పిచ్చె. పోయిన ఉగాదికే వచ్చె."

ఆ తర్వాత దసరాకి నా కొడుకును కాల్చి చంపింది ఈ మిద్దె మీది నుంచే. వాడు పడింది ఆ బస్టాపులోనే. "శానా దూరం సారూ, మొగం ఆన్లేదు. వేరేవాడనుకున్న్యాం," అని ఓబులయ్యే వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. నమ్మి కేసు వదులుకున్నాను.

"ఎట్లుంది సారూ?"

"మొగం బాగా ఆన్తాంది ఓబులయ్యా."

అతని చెయ్యి గబుక్కున తుపాకి మీదికి వచ్చింది.