స్టార్ట్ చేసే ముందు

షెడ్డు గేటు దగ్గర ఎవరో నిలబడి ఉండటం ముందుగా నవీన్ చూశాడు.

"వచ్చిండు. సౌండ్ గురించే అయ్యుంటది," అన్నాడు గొంతు తగ్గించి.

హరిణి కారు కింది నుంచి బయటికొచ్చింది. రెండు చేతులూ నల్లగా ఉన్నాయి.

వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఫిల్మ్ నగర్‌లో ఆ షెడ్డు గోడకు ఆనుకునే ఆయన ఇల్లు.

"ఇంజిన్ ఎప్పుడు స్టార్ట్ చేస్తారమ్మా?"

"ఇంకాసేపట్లో అండీ. ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేం లేదు. స్టార్ట్ చేసే ముందు నాకో మాట చెప్పండి. గోడ మీంచి పిలిస్తే చాలు. నా పేరు బసవపున్నయ్య."

అంతే చెప్పి వెళ్లిపోయాడు.

హరిణి పగలు ఆఫీసులో పనిచేస్తుంది. సాయంత్రాలన్నీ ఆ కారుకే. పాత కారొకటి కొని, స్నేహితుడు నవీన్‌తో కలిసి రేసు కారుగా మారుస్తోంది. చెన్నైలో కొత్తవాళ్ల కోసం పెట్టిన రేసు దగ్గరపడింది.

తేలాల్సింది ఒక్కటే, హెడర్. ఇంజిన్‌లోని పొగను బయటికి తీసుకుపోయే పైపుల గుత్తి అది. రెండు రకాలు చేయించారు. ఒకదానిలో నాలుగు పైపులూ నేరుగా ఒకేచోట కలుస్తాయి. రెండోదానిలో నాలుగు రెండై, ఆ రెండూ ఒకటవుతాయి.

ఏది మేలో తెలియాలంటే ఒకటి బిగించి, చక్రాలను రోలర్ల మీద తిప్పి, ఇంజిన్ బలం కొలవాలి. పైపులు చల్లారాక విప్పి, రెండోది బిగించి, మళ్లీ కొలవాలి. ఆ చప్పుడుకు షెడ్డు రేకులు వణికేవి.

మొదట్లో ఆయన చెప్పినట్టే హరిణి గోడ మీంచి పిలిచేది.

"స్టార్ట్ చేస్తున్నామండీ."

"ఒక్క నిమిషం," అని లోపలి నుంచి వినిపించేది. కాసేపటికి, "ఇక కానివ్వండమ్మా."

"మన ఇంజిన్‌కి ఆయన పర్మిషన్ ఏంది?" అని నవీన్ విసుక్కునేవాడు.

ఒకరోజు బోల్టు విరిగింది. దాన్ని బయటికి తీయడానికే సాయంత్రమంతా పోయింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర బసవపున్నయ్య కనిపించాడు.

"ఇవాళ ఎప్పుడమ్మా?"

"మేమూ అద్దె కడుతున్నామండీ. ప్రతిసారీ మీకు చెప్పి చేయాలంటే కుదరదు. మీకు ఇష్టం లేకపోతే కంప్లైంట్ ఇచ్చుకోండి," అంది హరిణి.

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు.

"అంత మాటెందుకు తల్లీ. మీ పని మీరు చేసుకోండి."

మర్నాటి నుంచి గేటు దగ్గరికి రావడం మానేశాడు. గోడ అవతల నిలబడి వీళ్లనే చూస్తుండేవాడు. హరిణి సీట్లో కూర్చోగానే మాయమయ్యేవాడు.

"వీడియో తీస్తుండేమో. పోలీసులకు చూపిస్తడు," అన్నాడు నవీన్.

ఆ ఆదివారం నవీనే గోడ పొడవునా ఎత్తుగా నీలం టార్పాలిన్ కట్టేశాడు. హరిణి వద్దనలేదు. ఆ తర్వాత ఆయన వాళ్లకు కనిపించలేదు.

పరీక్షలు పూర్తయ్యాయి. మొదటి హెడర్ వేగం బాగా పెరిగాక ఎక్కువ బలం ఇస్తోంది. రెండోది తక్కువ వేగంలోనే బాగా లాగుతోంది.

"మొదటిదే పెడదాం," అన్నాడు నవీన్.

"ఆ ట్రాక్ నిండా మలుపులే. మలుపు తిరగగానే లాగేది కావాలి మనకి," అంది హరిణి.

రెండోదే పెట్టారు. చెన్నైలో మూడో స్థానం వచ్చింది. మొదటిసారి పాల్గొన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

తిరిగొచ్చి, రెండు వారాల తర్వాత షెడ్డు తెరిచిన రోజు హరిణి స్వీట్ల డబ్బా పట్టుకుంది.

"ముందు పక్కింటాయనకి ఇద్దాం పద. అలా మాట్లాడి ఉండాల్సింది కాదు నేను."

ఆ ఇంటి తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల సామాను లేదు. ఒకామె వరండా కడుగుతోంది. ఆ ఇంట్లో పనిచేసే దేవమ్మ.

"సార్ లేరా?"

"ఖాళీ చేసి వాళ్ల అన్న ఊరికి పోయిండమ్మా. అమ్మాజీ అమ్మ పోయినంక ఈడ ఉండబుద్ధి కాలేదంట."

"అమ్మాజీ అంటే?"

"సార్ భార్య. గుండె జబ్బు. ఏడాది సంది మంచం మీదనే ఉండె. మీరు రేసుకు పోయిన దినమే పానం పోయింది."

హరిణి చేతిలోని డబ్బా కిందికి దిగింది.

"గోడ పక్కనే అంత చప్పుడు చేశాం. మాకెందుకు చెప్పలేదు?"

"అమ్మనే చెప్పనియ్యలె. చెప్తే పిల్లలు కారు ఆపేస్తరు, ముందుగాల తెలిస్తే చాలు నాకేం కాదు అన్నది. సప్పుడు ఒక్కసారిగ వస్తెనే ఆమెకు దడ."

దేవమ్మ చీపురు గోడకు ఆనించింది.

"కాలనీ పెద్దలు మీ షెడ్డు మూయిస్తమని వచ్చిన్రు," అంది దేవమ్మ. "గోడ పక్కన ఉన్నది నేను, నాకు లేని బాధ మీకెందుకు అని సారే ఎనక్కి పంపిండు."

నవీన్ గోడ వైపు చూశాడు. టార్పాలిన్ గాలికి కొట్టుకుంటోంది.

"అది కట్టినంక, మేము స్టార్ట్ చేసేది సార్‌కి ఎట్ల తెలిసింది?" అని మెల్లగా అడిగాడు.

"తెల్వకపోతుండె బిడ్డా," అంది దేవమ్మ. "అందుకే మీరు షెడ్డు తెరిసిన కాడికెంచి తాళం ఏసి పోయేదాంక, అమ్మ పక్కనే కూసుని, ఆమె రెండు చెవుల మీద పెట్టిన చేతులు తీయకపోతుండె."