నాలుగు వేళ్ల గుడ్డ

మూడోసారి కూడా టాపు గుడ్డ కారు ముందద్దం దాకా రాలేదు. నాలుగు వేళ్లు తక్కువైంది. దామోదర్ చేతిలోని అంచును విసురుగా వదిలేశాడు.

“నీ కుట్టులోనే పోతాండాది గుడ్డంతా,” అన్నాడు భార్యతో.

“రెండుసార్లు విప్పి కుట్టినా. కొలత నువ్విచ్చిందే,” అంది యమున. ఆమె వేళ్లు సూది పోట్లకు వాచి ఉన్నాయి.

అది పుంగనూరు వాళ్ల పాతకాలపు కారు. మదనపల్లెలోని ఈ సీటు కవర్ల షాపులోనే, ముప్పై ఏళ్ల కిందట, దామోదర్ తండ్రి రెడ్డెప్ప దానికి మడిచే టాపు కుట్టాడు.

“మా నాయన ఒకే కోతలో కుట్టేసినాడు. ఒక్క అతుకు లేదు. నీకు యాల రాదు?”

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ పోలిక యమున ఎన్నోసార్లు వింది. ఈసారి ఆమె విప్పి పడేసిన పాత టాపును ఒళ్లోకి లాక్కుని, ముందంచున మందంగా తగిలిన పట్టీ కుట్లను బ్లేడుతో కోసింది.

“ఈడ సూడు.”

పట్టీ కింద వేరే గుడ్డముక్క అతికి ఉంది.

దామోదర్ ఆ అతుకును వేలితో తడిమాడు. దగ్గర దగ్గరగా, సన్నటి కుట్లు. తండ్రి చేతివే.

“నాయనకూ గుడ్డ సాల్లేదు,” అన్నాడు.

“మామ ఎవురికీ చెప్పలేదు, అంతే.”

అతడు మిగిలిన గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, మిషను ముందు కూర్చున్నాడు.

“అతుకు నేనేస్తా. నువ్వు కాసేపు కూసో.”

“పట్టీ వెడల్పుగా ఎయ్యి, కనపడకుండా,” అంది యమున.

“కనపడితే కనపడనీలే,” అన్నాడు దామోదర్.