ఒక ప్రాణానికి స్తోత్రం

ఎర్మెక్ చెవిన ఆ మాట పడింది పశువుల సంతలో.

“కూతురు పోయి ఏడాదైనా తిరగలేదు. మీ అత్తామామలు గొర్రెను కోసి దేవుడికి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారట. ఊళ్లో యేసును నమ్మినవాళ్లంతా అక్కడే ఉన్నారు,” అన్నాడు గుర్రాల బేరగాడు షాకెన్, మీసం చాటున నవ్వుతూ.

ఎర్మెక్‌కు ఒళ్లు మండిపోయింది. పోయిన గుల్సానా అతని భార్య. చలికాలంలో కనుమ దారిలో కారు జారి లోయలో పడింది. ఆమెను మట్టిలో పెట్టిన రోజు నుంచి అతను అత్తవారి గడప తొక్కలేదు. రమ్మని అత్త బురుల్‌సున్ ఎన్ని కబుర్లు పెట్టినా ఉలకలేదు, పలకలేదు.

ఇవాళ మాత్రం తనంతట తానే బయల్దేరాడు.

తలుపు తోసేసరికి గది నిండా జనం. నేల మీద గుడ్డ పరిచి చుట్టూ కూర్చున్నారు. మధ్యలో మాంసం పళ్లెం పొగలు కక్కుతోంది. మామ తొక్తోసున్ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నాడు.

“ప్రభువా, నుజ్జయిపోయిన ఆ కారులోంచి ఒక ప్రాణాన్ని మాకు తిరిగి ఇచ్చావు. నీకు స్తోత్రం.”

“ఎవడి ప్రాణం?” అన్నాడు ఎర్మెక్ గుమ్మంలోంచే. “ఆ కారు నడిపినవాడిదా? వాడు బతికినందుకా ఈ విందు?”

ఎవరూ తలెత్తలేదు. అది చూసి అతనికి ఇంకా మండింది.

“మంచు పడుతోంది, రేపు వెళ్దామంది గుల్సానా. వాడు విన్నాడా? మంచులో జారకుండా చక్రాలకు గొలుసులు కట్టమంటే నవ్వాడు. మీ కూతుర్ని మింగేసినవాడి ఒంటిమీద గీత కూడా పడలేదు. వాణ్ణి శపించాల్సింది పోయి స్తోత్రాలా? సిగ్గులేదూ మీకు?”

పళ్లేన్ని కాలితో తన్నబోయాడు. బురుల్‌సున్ లేచి అడ్డం నిలబడింది. ఆవిడ ముఖమూ కోపంతో కందిపోయి ఉంది.

“గుల్సానాను ఎందుకు తీసుకున్నావని రోజూ ఆ దేవుడితో పోట్లాడుతూనే ఉన్నాను. ఆ తగువు నాకూ ఆయనకూ. మధ్యలో నువ్వు రాకు,” అంది.

భుజం పట్టుకుని అతన్ని బలవంతంగా కూర్చోబెట్టింది. ముందు పులుసు గిన్నె పెట్టింది.

“ఆ కారు నడిపిన నువ్వైనా నాకు మిగిలావు, ఎర్మెక్, అందుకు నన్ను స్తోత్రం చెప్పుకోనీ.”